సగం దగ్గర ఆగడం నేర్చుకోండి

డ్రైవింగ్ టెస్టులో తప్పేది బండి నడపడం రానివాళ్లే అనుకుంటాం. ఒక పూట టెస్టు ట్రాక్ పక్కన నిలబడి చూడండి. హైవే ఎక్కితే దూసుకుపోయే కుర్రాడు, ఎత్తు మీద కారు ఆపి మళ్లీ కదిలించమంటే వెనక్కి జారిపోతాడు. ఏళ్ల తరబడి స్కూటరు తోలుతున్న మనిషి, ఎనిమిది అంకె సగంలోనే కాలు నేలకు ఆనిస్తాడు. వీళ్లకు వేగం వచ్చు. రానిది నిదానం. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు, మన పెద్దవాళ్ల మాటలో బ్రేక్ ఇన్‌స్పెక్టరు, ముఖ్యంగా చూసేది ఆ నిదానాన్నే.

మా మంగళగిరి వాళ్లకు నిదానం గురించి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. కొండ మీద పానకాల స్వామికి పానకం పోయడం చూసే ఉంటారు. బిందెడు పోసినా చెంబెడు పోసినా స్వామి సగమే తాగి, మిగతా సగం భక్తులకు వదిలేస్తాడని నమ్మకం. పూజారి చేతిని గమనించారా? గుటక వేస్తున్న చప్పుడు వినిపిస్తున్నంతసేపూ పోస్తాడు, చప్పుడు ఆగగానే చెయ్యి ఆపేస్తాడు. కొలత కంటితో కాదు, చెవితో.

క్లచ్ కూడా అంతే. పాదం మెల్లగా పైకి వదులుతుంటే ఒకచోట ఇంజను గొంతు బరువెక్కుతుంది, స్టీరింగు సన్నగా వణుకుతుంది. అదే హాఫ్ క్లచ్. అక్కడ పాదం ఆగాలి. అక్కడ ఆగని కాలు వల్లే బండి ఎగిరిపడి ఆఫ్ అయిపోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేను మొదట చెప్పే పని ఇదొక్కటే. ఖాళీ స్థలంలో, మొదటి గేరులో, యాక్సిలరేటరు జోలికి పోకుండా క్లచ్ ఒక్కదానితోనే కారును మనిషి నడిచేంత నెమ్మదిగా కదిలించండి. ఆపండి. మళ్లీ కదిలించండి. రోజుకు యాభైసార్లు, వారం రోజులు. విసుగొస్తుంది, రానివ్వండి. ఈ ఊళ్లో గుంట మగ్గం మీద కూర్చున్న నేతగాడి కాళ్లు గుంటలో తొక్కుతుంటాయి, చేతులు నాడెను నడుపుతుంటాయి, కళ్లు పోగు మీద ఉంటాయి. కాళ్లకేసి చూసుకోడు. మొదటి రోజే ఆయనకు అది రాలేదు కదా.

రూల్సు ఏమంటున్నాయో కూడా తెలిసి ఉండాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 15వ నియమం, పరీక్షలో ఏమేం చూడాలో వరసగా చెబుతుంది. బయల్దేరేముందు అద్దం సర్దుకోవడం, సిగ్నలు ఇచ్చేముందు అద్దంలో చూడటం, ఎత్తు మీద ఆపి జారకుండా కదలడం, ఇరుకు చోటులోకి రివర్సులో వెళ్లడం, పాదచారులు దాటే చోట అదుపులో ఉండటం, అత్యవసరంగా ఆపగలగడం. ఎక్కువ భాగం అదుపు గురించే. అదే నియమం ఇంకోటి కూడా అంటుంది. ఎల్ఎల్ఆర్, అంటే లెర్నర్స్ లైసెన్సు, చేతికొచ్చి కనీసం 30 రోజులు కాకుండా టెస్టుకు వెళ్లకూడదు. ఎల్ఎల్ఆర్ చెల్లేది 6 నెలలు. కొందరు ఆ 30 రోజులూ కారు ముట్టుకోకుండా గడిపేసి, 31వ రోజున స్లాట్ బుక్ చేసుకుంటారు. నెల గడిచింది నిజమే, నేర్చుకున్నది ఎంత?

రోజులు కాదు, గంటలు లెక్కపెట్టండి. 2021లో కేంద్రం గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల కోసం తెచ్చిన నిబంధనల్లో తేలికపాటి వాహనానికి మొత్తం 29 గంటల శిక్షణ పెట్టారు. అందులో 8 గంటలు పాఠం, 21 గంటలు స్టీరింగు పట్టుకోవడం. రోజుకు అరగంట చొప్పున 20 రోజులు వెళ్లొచ్చి, డ్రైవింగ్ నేర్చేసుకున్నామనుకుంటే చేతికి పడింది 10 గంటలే. మిగతా సగం ఇంట్లో ఎవరో ఒకరు పక్కన కూర్చుని నేర్పించాలి. ఆ పక్కన కూర్చునే మనిషికి లైసెన్సు ఉండాలి, అవసరమైతే బండి ఆపగలిగేంత దగ్గరగా ఉండాలి. బండికి ముందూ వెనకా తెల్ల బోర్డు మీద ఎర్రటి ఎల్ అక్షరం ఉండాలి. ఆ బోర్డు అంటించుకోవడానికి చాలామంది సిగ్గుపడతారు. సిగ్గెందుకు? వెనకవాణ్ణి కాస్త దూరంగా ఉంచే ఉపకారం అది.

మన డెల్టాలో ఒక ఇబ్బంది ఉంది. నేలంతా చాప పరిచినట్టు చదునుగా ఉంటుంది, ఎత్తు మీద ఆపి కదిలే సాధనకు చోటు దొరకదు. ఫ్లైఓవరు మీద ఆపి నేర్చుకోకండి, ప్రాణానికే ముప్పు. దుగ్గిరాల వైపు వెళ్తే పంట కాలవ కట్ట మీదికి ఎక్కే చిన్న చిన్న వాలు దారులు ఉంటాయి. మనుషులూ ట్రాక్టర్లూ తిరగని వేళ చూసుకుని, పక్కన అనుభవం ఉన్నవాళ్లను కూర్చోబెట్టుకుని అక్కడ చేయండి. హ్యాండ్ బ్రేకు లాగి ఉంచండి, క్లచ్‌ను సగానికి తెండి, ఇంజను గొంతు మారగానే కాస్త యాక్సిలరేటరు ఇచ్చి, ఆ తరువాతే హ్యాండ్ బ్రేకు వదలండి. వరస తప్పితే జారుతుంది. వారం రోజుల్లో పట్టుబడుతుంది.

ఇక అసలు చిక్కు. మా వీధిలో ఒక వదిన ఉంది. నలభై దాటాక, పిల్లల్ని ట్యూషనుకు తీసుకెళ్లడానికి మరొకర్ని అడగలేక కారు నేర్చుకుంది. ఇంటి దగ్గర రివర్సు ఎంత చక్కగా తీసేదో! టెస్టు రోజున మాత్రం హెచ్ ట్రాక్‌లో కర్రకు తగిలించింది. “అందరూ నన్నే చూస్తుంటే చేతులు నావి కానట్టే అయిపోయాయి” అంది, కళ్లనీళ్లు పెట్టుకుని. ఆమెకు నడపడం రాకపోవడం కాదది, ఎవరైనా చూస్తుండగా నడపడం అలవాటు లేకపోవడం. అది కూడా నేర్చుకోవలసిన విద్యే. పరీక్ష భయం ఉన్నవాళ్లందరికీ ఇదే మాట చెబుతాను: ఒంటరిగా సాధన చేసి, గుంపు ముందు పరీక్షకు వెళ్లకండి.

మేం చేసిందేమిటంటే, ఆమెను సాయంత్రం పూట నిడమర్రు రైల్వే గేటు దగ్గరికి తీసుకెళ్లాం. గేటు పడుతుంది. ఆటోలు, బైకులు, పాల వ్యానులు చుట్టూ మూగుతాయి. గేటు లేవగానే వెనకనుంచి ఒకటే హారను. ఆ మోతలో తొందరపడకుండా హాఫ్ క్లచ్‌తో కదలడం, ఎవరి హారనుకూ భయపడకపోవడం ఆమె పది సాయంత్రాల్లో నేర్చుకుంది. ఇంకో పని చేయించాం. చేసే ప్రతి పనీ పైకి చెప్పమన్నాం: “అద్దం చూశాను, ఎడమ సిగ్నలు వేశాను, సైకిలు తాతగారు వస్తున్నారు, ఆగాను.” బ్రిటన్ పోలీసు డ్రైవర్ల శిక్షణలో చాలాకాలంగా ఉన్న పద్ధతి ఇది. నోరు పనిలో ఉంటే మనసుకు భయపడే తీరిక ఉండదు. పైగా చూడకుండా చూశానని చెప్పలేం. రెండోసారి ఆమె పాసైంది.

ఏజెంటుకు డబ్బులిచ్చి పని కానిచ్చుకుందాం అనేవాళ్లతో నాకు గట్టి పేచీ ఉంది. కార్డు మీద మీ ఫోటో ఉంటుంది, నడిపేది కూడా మీరే. పదహారో నంబరు హైవే ఊరి మీదుగానే పోతుంది. సర్వీసు రోడ్డు నుంచి దాని మీదికి ఎక్కే క్షణంలో ఏజెంటు పక్కన ఉండడు. అడ్డదారి పనికిరాదన్న సంగతి మన పిల్లలు అమెరికా వెళ్లాక ఇంకా బాగా తెలుస్తుంది. ఇక్కడ ఏళ్ల తరబడి నడిపినవాళ్లు అక్కడ స్టాప్ బోర్డు దగ్గర నెమ్మదిగా దొర్లించుకుంటూ పోయి టెస్టు తప్పుతారు. చక్రాలు పూర్తిగా ఆగాలి. రోడ్డు ఖాళీగా ఉన్నా సరే, ఆగాలి. తప్పుతామన్న భయంతో ఏజెంటు దగ్గరికి పోనక్కర్లేదు. బ్రిటన్‌లో కారు టెస్టుకు వెళ్లినవాళ్లలో పాసయ్యేది సుమారు సగం మందే. అక్కడ తప్పడం పెద్ద అవమానమేమీ కాదు.

టెస్టు రోజున సాధన చేసిన కారునే తీసుకెళ్లండి, ఇంకో కారు క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో మీ పాదానికి తెలియదు. బండి కాగితాలు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్టు ముందురోజు రాత్రే సర్దుకోండి. సీట్లో కూర్చున్నాక సీటు, అద్దాలు, బెల్టు, గేరు న్యూట్రల్, ఈ వరసలో ఒక్కొక్కటీ చేత్తో తాకి చూసుకోండి. అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషంలో గుండె కూడా కుదురుకుంటుంది.

తప్పితే 7 రోజుల తరువాత మళ్లీ వెళ్లొచ్చు. మూడుసార్లు తప్పితే మాత్రం 60 రోజులు ఆగాలి. ఆ వారం రోజులు ఊరికే పోనివ్వకండి. ఎక్కడ తప్పారో ఇన్‌స్పెక్టర్‌నే అడగండి, “ఏ చోట తప్పు చేశానండీ?” అని. ఆయన చెప్పింది అదే సాయంత్రం కాగితం మీద రాసుకుని, మరునాడు పొద్దున్నే కాలవ కట్ట దగ్గరికి బయల్దేరండి.