కష్టంలోనూ ఒక నవ్వు
వియన్నాకు చెందిన మానసిక వైద్యుడు విక్టర్ ఫ్రాంకెల్ 1942 నుండి 1945 వరకు నాజీల నిర్బంధ శిబిరాల్లో ఉన్నారు. అక్కడి సూపు వట్టి నీళ్లు; గింజలేవైనా ఉంటే అడుగునే. ఆయన ఒక తోటి ఖైదీతో కలిసి రోజుకొక నవ్వించే కథ అల్లాలని నిశ్చయించుకున్నారు. విడుదలయ్యాక ఏ విందులోనో మైమరచి, "అమ్మా, అడుగు నుండి వడ్డించండి" అని బతిమాలుతామేమోనని ఖైదీలు నవ్వుకునేవారు.

ఆ నవ్వు ఆకలి తీర్చలేదు. కాసేపు గుండెబరువు దించింది.

"నాకే ఎందుకు?" అన్న ప్రశ్నకు జవాబు దొరకని రోజున, మీరూ మీ మంచం పక్కనున్నవారూ ఆనాటి విడ్డూరం ఒకటి చెప్పుకోండి. రోగిని చూసి కాదు, రోగితో కలిసి నవ్వండి. మందులు మాత్రం మానవద్దు. దిగులు రెండు వారాలు దాటినా, బ్రతకాలని లేదనిపించినా వెంటనే డాక్టరుగారికి చెప్పండి.

ధ్యానమునకు: సామెతలు 17:22.