రాత్రి అన్నం తిన్నాక పళ్లు తోమించండి

భద్రాచలం దగ్గర చర్ల, దుమ్ముగూడెం వైపు తునికాకు కోతకో, మిరపకాయలు ఏరడానికో తెల్లవారకముందే ఇల్లు వదిలే తల్లులు ఎందరో. ఆ హడావిడిలో ఏ బిడ్డకైనా పళ్లు తోమించడం కష్టమే. బుద్ధి నెమ్మదిగా ఎదిగే బిడ్డకో, ఆటిజం ఉన్న బిడ్డకో, సెరిబ్రల్ పాల్సీతో చేతులు బిగుసుకుపోయే బిడ్డకో అయితే ఇక చెప్పక్కర్లేదు. అందుకే నా మాట ఒక్కటే: ఈ అలవాటును రాత్రి అన్నం తిన్నాక మొదలుపెట్టండి. అప్పుడు మీకూ తొందర ఉండదు. పైగా నిద్రలో లాలాజలం తగ్గుతుంది. పళ్లకు అంటుకున్న అన్నం, తీపి సిరప్పులు రాత్రంతా అలాగే ఉంటే పుచ్చు పడుతుంది.

ఈ పిల్లల్లో చాలామంది పన్ను నొప్పి అని నోరు తెరిచి చెప్పలేరు. కంచం నెట్టేస్తారు, చెంప మీద కొట్టుకుంటారు, రాత్రుళ్లు ఏడుస్తారు. మొండితనం అనుకుంటాం, గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తాం. ముందు నోట్లో చూడండమ్మా! కుదురుగా కూర్చోలేని బిడ్డకు పన్ను పీకాలంటే చాలాసార్లు మత్తు ఇవ్వాల్సి వస్తుంది. దానికోసం ఖమ్మం వెళ్లాలంటే భద్రాచలం నుంచే వంద కిలోమీటర్లు దాటుతుంది.

మొదటి రోజే బ్రష్ నోట్లో పెట్టకండి. చేతికిచ్చి ఆడుకోనివ్వండి. తర్వాత అరచేతికి, చెంపకు, పెదవికి తాకించండి. పెదవి దగ్గరే వారం ఆగిపోయినా పరవాలేదు. ఆటిజం ఉన్న పిల్లలకు పేస్టు ఘాటు మంటగా తోచవచ్చు, నురుగు భయపెట్టవచ్చు. ఉత్త నీళ్లతో మొదలుపెట్టి, అలవాటయ్యాక ఫ్లోరైడ్ పేస్టు బియ్యపు గింజంత పెట్టండి. మూడేళ్లు దాటి, ఉమ్మడం వచ్చిన బిడ్డకు బఠాణీ గింజంత చాలు.

నేర్పేటప్పుడు చివరి పని నుంచి వెనక్కి రండి. తోమడమంతా మీరే చేసి, ఉమ్మేసి బ్రష్ గ్లాసులో పెట్టడం మాత్రం బిడ్డకు వదలండి. పని ముగించిన సంతోషం తనదవుతుంది. అది వచ్చాక ముందు పళ్లు తోమే పని అప్పగించండి. రోజూ అదే చోటు, అదే వరస, అవే మాటలు ఉండాలి. ఒక పాట పాడి, పాట అయిపోగానే ఆపేయండి. ఎప్పుడు ఆగుతుందో తెలిస్తే ఓర్చుకుంటారు.

పిడికిలి పట్టు లేని బిడ్డకు బ్రష్ కాడకు పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి లావు చేయండి. మెడ నిలవకపోతే మీరు వెనక కూర్చుని, తల మీ గుండెకు ఆనించుకుని, కాస్త పక్కకు తిప్పి తోమండి. కరిచే బిడ్డ పళ్ల మధ్య వేలు పెట్టకండి. వేప పుల్ల, కానుగ పుల్ల పెద్దల నాటి మంచి అలవాటే. కానీ నమిలి ఉమ్మలేని బిడ్డకు ఆ పీచు గొంతులో అడ్డం పడవచ్చు. బొగ్గు, ఇటుక పొడి ఎవరికీ వద్దు, పంటి పైపొర అరిగిపోతుంది.

దగ్గర్లో ఇలాంటి పిల్లలకు నేర్పే భవిత కేంద్రం ఉంటే అక్కడి టీచరమ్మకు మీరు చేస్తున్న వరస చెప్పండి, అక్కడా అదే చేయిస్తారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందం అంగన్‌వాడీకో బడికో వచ్చినప్పుడు పళ్లూ చూడమని అడగండి. వాళ్లు చూడాల్సిన వాటిలో పుచ్చు పళ్లూ ఉన్నాయి. ఫిట్స్‌కు ఫెనిటాయిన్ వాడే పిల్లలకు చిగుళ్లు ఉబ్బి పళ్ల మీదకు పెరగవచ్చు. అలా కనిపిస్తే డాక్టరుకు చెప్పండి. మందు మాత్రం మీ అంతట మీరు ఆపకండి.