కోడు రాయడానికి ఏ ఎడిటర్ మంచిది?

వెబ్ పేజీలు నేర్చుకుంటున్న తమ్ముళ్లు అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, కోడు ఎందులో రాయాలి?" ఒకరు నోట్‌ప్యాడ్ చాలంటారు, ఇంకొకరు వీఎస్ కోడ్ లేకపోతే పనే జరగదంటారు. "ఆడలేక మద్దెల ఓడు" అని పెద్దల సామెత. నిజమే గానీ, మద్దెల ఓడు అవునో కాదో ముందే చూసుకోవడంలో తప్పు లేదు కదా. అందుకే నేను చదివి, ల్యాబ్‌లో చేసి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ఎడిటర్ అంటే ఏమిటి?

మనం కొట్టిన అక్షరాలను ఉన్నవి ఉన్నట్టుగా ఫైల్లో దాచేదే టెక్స్ట్ ఎడిటర్. వర్డ్ అలా కాదు. అది అక్షరాలతో పాటు వాటి సైజు, రంగు, మార్జిన్లు అన్నీ కలిపి దాస్తుంది. అంతేకాదు, మనం నిటారు కొటేషన్ గుర్తు కొడితే అందంగా ఉంటుందని దాన్ని వంకర గుర్తుగా మార్చేస్తుంది. కోడులో ఆ వంకర గుర్తును బ్రౌజర్ కొటేషన్‌గా ఒప్పుకోదు. లింకు పనిచేయదు, బొమ్మ రాదు. కాబట్టి ఉత్తరాలకు వర్డ్, కోడుకు ఎడిటర్.

మొదట చూడాల్సింది: తెలుగు నిలుస్తుందా?

రంగులు, హంగులు తర్వాత. మన అక్షరం మిగులుతుందా లేదా అన్నది ముందు. మన మిత్రుడొకడు వాళ్ల అవ్వ చెప్పిన ఆకుమందుల పేర్లన్నీ తెలుగులో టైపు చేసి పేజీ తయారు చేశాడు. పాత నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేటప్పుడు ఏదో హెచ్చరిక వచ్చింది. చదవకుండా ఓకే నొక్కేశాడు. మర్నాడు తెరిస్తే పేర్లన్నీ పోయి ప్రశ్న గుర్తులు మిగిలాయి. అవ్వ దగ్గరికి సెలవుల్లో పోయి మళ్లీ అడగాల్సిందే.

ఎందుకిలా జరిగింది? కంప్యూటర్ అక్షరాన్ని అంకెగా దాస్తుంది. పాత నోట్‌ప్యాడ్ మామూలుగా వాడే పద్ధతి పేరు ఆన్సీ. మన దగ్గరి కంప్యూటర్లలో ఆ పద్ధతికి ఒక అక్షరానికి ఒక బైటు, అంటే 256 గళ్లే. అందులో తెలుగుకు చోటు లేదు. చోటు లేని అక్షరం బదులు ప్రశ్న గుర్తు పెడుతుంది. యూటీఎఫ్-8 అనే పద్ధతిలో ప్రపంచ భాషలన్నిటికీ చోటుంది. అందులో తెలుగు గుర్తు ఒక్కోదానికి 3 బైట్లు. "అమ్మ" అనే మాటలో అ, మ, పొల్లు, మ అని 4 గుర్తులు ఉన్నాయి. అంటే 12 బైట్లు.

2019లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి నోట్‌ప్యాడ్ తనంతట తానే యూటీఎఫ్-8లో సేవ్ చేస్తోంది. అంతకు ముందు విండోస్ ఉన్న కంప్యూటర్లో మనమే "సేవ్ యాజ్" పెట్టెలో కింద ఉండే ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకోవాలి.

పేజీలో తెలుగు సరిగ్గా కనబడకపోతే కంగారు పడకండి. మూడు రకాల తేడాలు ఉంటాయి:

1. ఖాళీ డబ్బాలు కనబడితే: ఆ లిపి ఫాంటు కంప్యూటర్లో లేదు. ఫైల్లో అక్షరం భద్రంగానే ఉంది.

2. అర్థం కాని పిచ్చి అక్షరాలు కనబడితే: చాలాసార్లు ఇది యూటీఎఫ్-8 అని బ్రౌజర్‌కు మనం చెప్పకపోవడమే కారణం. హెడ్ భాగంలో మెటా చార్‌సెట్ లైను రాస్తే సరిపోతుంది.

3. ఫైల్లోనే ప్రశ్న గుర్తులు ఉంటే: అసలు అక్షరం పోయింది. ఇక తిరిగి రాదు.

ఈ సంగతి మన ఇళ్ల భాషలకూ వర్తిస్తుంది. ఆదిలాబాద్ ప్రాంతంలోని గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. ఆ అక్షరానికి యూటీఎఫ్-8లో 4 బైట్లు పడుతుంది. మన భాషలో పేజీ రాయాలనుకునేవాడు ఎడిటర్‌ను ఈ పరీక్ష పెట్టకుండా వాడకూడదు.

ఇప్పుడు ఎడిటర్ల సంగతి

నోట్‌ప్యాడ్: విండోస్‌తోనే వస్తుంది. మొదటి వారం ఇది మంచిదే, ఎందుకంటే ప్రతి ట్యాగు మన చేత్తోనే రాస్తాం. కానీ కోడుకు రంగులు ఉండవు. ఎక్కడ కొటేషన్ మూయలేదో కళ్లు చిట్లించి వెతకాలి. పైగా ఫైలు పేరు చివర టీఎక్స్‌టీ తగిలిస్తుంది. సేవ్ చేసేటప్పుడు "ఆల్ ఫైల్స్" ఎంచుకోవాలి.

నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్: 2003లో డాన్ హో విడుదల చేశారు. ఉచితం, చాలా తేలిక. 32 బిట్ కంప్యూటర్లకూ దొరుకుతుంది. పెన్ డ్రైవ్‌లో తెచ్చి ఇంటర్నెట్ లేకుండానే వేసుకోవచ్చు. ట్యాగులు ఒక రంగు, మాటలు ఒక రంగు. కొటేషన్ మూయడం మరిస్తే కింది లైన్ల రంగు మారిపోతుంది, తప్పు వెంటనే పట్టిస్తుంది. అన్నిటికంటే నాకు నచ్చింది ఇంకొకటి. మనం సేవ్ చేయకపోయినా మామూలు సెట్టింగులో 7 సెకన్లకొకసారి నకలు దాస్తుంది. కరెంటు పోయి వచ్చాక తెరిస్తే రాసింది చాలావరకు అక్కడే ఉంటుంది. మనకు దీని విలువ చెప్పనక్కర్లేదు!

వీఎస్ కోడ్: మైక్రోసాఫ్ట్ 2015లో తెచ్చింది. ఇదీ ఉచితమే. ఖాళీ హెచ్‌టీఎంఎల్ ఫైల్లో ఆశ్చర్యార్థకం కొట్టి ట్యాబ్ నొక్కితే పేజీ అస్థిపంజరం మొత్తం వచ్చేస్తుంది. పెద్ద పనులకు ఇదే వాడతారు. కానీ మెమరీ బాగా తింటుంది. విండోస్ 7కు 2022లో వచ్చిన 1.70 వెర్షనే ఆఖరుది.

విమ్: దీని తాత వీఐ. 1976లో బిల్ జాయ్ రాశారు. ఆ రోజుల్లో ఫోన్ లైను మీద అక్షరాలు నత్తలా వచ్చేవి. అందుకే ఆదేశాలన్నీ ఒకటి రెండు అక్షరాలే. దాని తరహాలో 1991లో నెదర్లాండ్స్‌కు చెందిన బ్రామ్ మూలెనార్ విమ్ తయారు చేశారు. డబ్బు తీసుకోకుండా, నచ్చితే ఉగాండాలోని కిబాలే పిల్లల చదువుకు సాయం చేయమని అడిగేవారు. ఆయన 2023లో కన్నుమూశారు. నేర్చుకోవడం కష్టం గానీ ఎంత పాత కంప్యూటర్లోనైనా పరుగెత్తుతుంది.

ఎడిటర్ పోయినా ఫైలు ఉండాలి

అడోబీ వాళ్లు బ్రాకెట్స్ అనే ఎడిటర్‌కు 2021లో మద్దతు ఆపేశారు. 2014లో గిట్‌హబ్ తెచ్చిన ఆటమ్‌ను 2022 డిసెంబరులో మూసేశారు. అయినా వాటిలో రాసిన వాళ్ల పేజీలు చెడిపోలేదు. అవి వట్టి టెక్స్ట్ ఫైళ్లు కాబట్టి ఏ ఎడిటర్‌లోనైనా తెరుచుకుంటాయి. కాబట్టి "నా ఎడిటర్ గొప్పది" అని పోట్లాడుకోవడం దండగ.

నా సలహా

కొత్తవాళ్లు మొదటి వారం నోట్‌ప్యాడ్‌లో రాయండి, ట్యాగులు చేతికి వస్తాయి. తర్వాత మన ల్యాబ్ కంప్యూటర్లకు నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ సరైనది. వార్డెన్ సార్లు దయచేసి అన్ని కంప్యూటర్లలో అది వేయిస్తే అందరికీ మేలు. రేపు కాలేజీకి వెళ్లాక మంచి కంప్యూటర్ దొరికితే వీఎస్ కోడ్ నేర్చుకోవచ్చు.

ఈ ఆదివారం ల్యాబ్‌కు వెళ్లినప్పుడు ఒక పని చేయండి. మీ ఊరి పేరు, మీ అమ్మ పేరు తెలుగులో రాసి సేవ్ చేయండి. ఫైలు మూసి మళ్లీ తెరవండి. పేర్లు అలాగే ఉంటే ఆ ఎడిటర్‌ను నమ్మవచ్చు.