మగపంది మాంసం వాసన.. బైపీసీ విద్యార్థులకు పరిశోధన దారులు

విత్తులు తీయని మగపంది మాంసాన్ని పెనం మీద వేస్తే కొన్నిసార్లు మూత్రం, పేడ కలిసినట్టు ఘాటు వాసన వస్తుంది. దీన్ని బోర్ టెయింట్ అంటారు. ఈ వాసన రాకుండా చాలా దేశాల్లో పంది పిల్లలకు పుట్టిన వారం లోపే విత్తులు తీసేస్తారు. మత్తు లేకుండా ఈ పని చేయడాన్ని జర్మనీ 2021 నుంచి నిషేధించింది. అందుకే ప్రత్యామ్నాయాలపై పరిశోధన జోరుగా సాగుతోంది. కోర్సు ఎంచుకునే ముందు ఈ సమస్యలో ఏ భాగం మీకు ఆసక్తి కలిగిస్తుందో చూసుకోండి.

వాసన ఎక్కడిది?

కారకాలు ప్రధానంగా రెండు. మొదటిది ఆండ్రోస్టీనోన్. ఈడొచ్చిన మగపంది వృషణాల్లో తయారయ్యే స్టెరాయిడ్ ఇది. రెండోది స్కాటోల్. పెద్దపేగులోని బ్యాక్టీరియా ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి దీన్ని తయారుచేస్తుంది. రెండింటినీ విరిచి బయటికి పంపాల్సింది కాలేయమే. అక్కడ మిగిలిపోయింది కొవ్వులో పేరుకుంటుంది. ఆండ్రోస్టీనోన్ ఎక్కువైతే స్కాటోల్‌ను విరిచే సీవైపీ2ఈ1 ఎంజైమ్ మందగిస్తుందని కాలేయ కణాలపై జరిగిన ప్రయోగాల్లో తేలింది. అంటే మొదటి కారకం రెండో సమస్యనూ పెంచుతోంది.

ఎవరికి ఏ పని?

- జెనెటిక్స్: ఈ రెండు కారకాలను విరిచే ఎంజైమ్‌లు చురుగ్గా ఉండే పందులను ఎంపిక చేయడం.
- న్యూట్రిషన్, మైక్రోబయాలజీ: చికోరీ వేరు, పచ్చి బంగాళదుంప పిండి వంటి మేతతో స్కాటోల్ తగ్గించడం.
- ఇమ్యునాలజీ: రెండు డోసుల వ్యాక్సిన్‌తో వృషణాల పనిని తాత్కాలికంగా ఆపడం. ఈ పద్ధతికి యూరోపియన్ యూనియన్ 2009లో అనుమతిచ్చింది.
- మాంస శాస్త్రం: యూరప్‌లోని కొన్ని కబేళాల్లో కాల్చిన ఇనుప మొనను కొవ్వుకు తాకించి, శిక్షణ పొందినవారు వాసన చూస్తారు. జన్యు కారణాల వల్ల కొందరికి ఆండ్రోస్టీనోన్ వాసనే తెలియదు. కాబట్టి ఈ ఉద్యోగానికి ముందు ముక్కుకే పరీక్ష ఉంటుంది!

ఎక్కడ చదవాలి?

బీవీఎస్సీ అండ్ ఏహెచ్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర, హైదరాబాద్‌లోని పీవీ నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయాలు మనకు దగ్గరివి. తర్వాత ఎంవీఎస్సీలో ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, లైవ్‌స్టాక్ ప్రొడక్ట్స్ టెక్నాలజీ వంటి విభాగాలు తీసుకోవచ్చు. వెటర్నరీ సీటు రాలేదని దిగులు వద్దు. బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీల్లో ఎమ్మెస్సీ చేసి, సీఎస్ఐఆర్ నెట్ జేఆర్ఎఫ్‌తో పీహెచ్‌డీలో చేరవచ్చు. హైదరాబాద్‌లో జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ, చెంగిచర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ, గువాహటి దగ్గర రాణిలో జాతీయ పంది పరిశోధన కేంద్రం ఉన్నాయి. విదేశాలకు వెళ్లాలనుకుంటే కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయాన్ని చూడండి. ప్రొఫెసర్ జేమ్స్ స్క్వైర్స్ అక్కడే ఈ సమస్యపై ఏళ్ల తరబడి పరిశోధించారు.

ఇప్పటి నుంచే..

డిగ్రీలో ఉండగానే పీసీఆర్, గ్యాస్ క్రొమటోగ్రఫీ, గణాంకాలకు ఆర్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోండి. సెలవుల్లో ఒక పందుల ఫారానికీ, ఒక ల్యాబ్‌కూ వెళ్లి పని చూడండి. పశువుకు నొప్పి తగ్గించి, రైతుకు నష్టం లేకుండా చూసే చదువు ఇది. అందుకు పెట్టే ప్రతి ఏడాదీ సార్థకమే.