పాకిస్తాన్ అణ్వస్త్రం – పడమటివారి తూకం

అణ్వస్త్రాల ప్రసక్తి వచ్చినప్పుడల్లా పాశ్చాత్య పత్రికలు ముందుగా వేలెత్తి చూపే దేశాల్లో పాకిస్తాన్ ఒకటి. బాధ్యత తెలియని దేశమనీ, అది "ఇస్లామిక్ బాంబు" అనీ, తిండికి లేనివాళ్లకు బాంబెందుకనీ 1970ల చివరినుంచీ వింటూనే వున్నాం. మనం భారతీయులం కనుక ఆ మాటలు మన చెవులకు యింపుగానే వుంటాయి. పొరుగువాడిని ఎవరో పెద్దమనిషి మందలిస్తుంటే అరుగుమీద కూర్చుని వినడంలో ఒక సుఖం వుంది. కాని రాజనీతి చదువుకునే విద్యార్థి ఆ అరుగు దిగి రావాలి. ఆ పెద్దమనిషి ఏ రాళ్లతో తూస్తున్నాడు? అవే రాళ్లతో తన సరుకు కూడా తూచుకుంటున్నాడా? పాకిస్తాన్ తన తరఫున చెప్పుకునే వాదనలో పస ఎంత? యిక్కడ ఆ వాదనను వాళ్లు చెప్పుకునే తీరులోనే ముందు పెట్టి, అది ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ నిలవదో నాకు తోచినంత చెబుతాను.

పాకిస్తాన్‌కు అణువిద్య నేర్పింది పడమటి దేశాలేనన్న సంగతితో మొదలుపెట్టాలి. 1953లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఐక్యరాజ్యసమితిలో "శాంతికోసం అణుశక్తి" పథకం ప్రకటించాడు. పాకిస్తాన్ 1956లో అణుశక్తి సంఘాన్ని పెట్టుకుంది. ఇస్లామాబాద్ దగ్గర నిలోర్‌లో 5 మెగావాట్ల పరిశోధనా రియాక్టరును అమెరికాయే యిచ్చింది. అది 1965లో పనిచెయ్యడం మొదలుపెట్టింది. కరాచీలో 137 మెగావాట్ల విద్యుత్ కేంద్రాన్ని కెనడా కట్టిపెట్టగా 1972లో ప్రారంభోత్సవం జరిగింది. రెండూ అంతర్జాతీయ తనిఖీ కింద వున్నవే. అప్పటిదాకా ఎవరికీ అభ్యంతరం లేదు. భారతదేశం బాంబు చేస్తే మేము గడ్డి తిని అయినా సరే చేస్తామని 1960లలో జుల్ఫికర్ అలీ భుట్టో అన్న మాట అందరికీ తెలిసిందే. అయితే అయూబ్ ఖాన్ ప్రభుత్వం ఆ ఆలోచనకు వూతం యివ్వలేదు.

వూతం యిచ్చింది 1971. డిసెంబరు 16 మనకు విజయ దినం, బంగ్లాదేశ్ ప్రజలకు విముక్తి దినం. తూర్పు బెంగాల్ జనంమీద పాకిస్తాన్ సైన్యం చేసిన ఘోరాలు యిక్కడ వివరించనక్కరలేదు. ఆ వోటమిని వాళ్లు కోరి తెచ్చుకున్నారనడంలో తప్పు లేదు. కాని అదే రోజును లాహోర్‌లోనో రావల్పిండిలోనో కూర్చున్నవాడు ఎలా చూశాడో కూడా ఆలోచించాలి. దేశ జనాభాలో సగానికి పైగా ఒక్కరోజున విడిపోయారు. సుమారు 93,000 మంది బందీలయ్యారు. పాకిస్తాన్ అప్పటికి పదిహేనేళ్లకు పైగా అమెరికా కూటముల్లో, అంటే సీటోలోనూ సెంటోలోనూ, నమ్మకమైన సభ్యురాలు. 1965 యుద్ధంలో ఆ మిత్రుడే ఆయుధాల సరఫరా ఆపేశాడు. 1971లో ఏడవ నౌకాదళం నుంచి ఓడల్ని బంగాళాఖాతందాకా పంపాడు. అవి వచ్చాయి, ఢాకా పడిపోయింది, అవి వెళ్లిపోయాయి. యెవరి అండా నమ్మరాదన్న పాఠం ఆ దేశం అప్పుడు నేర్చుకుంది. నేను వాళ్ల స్థానంలో వుంటే వేరే పాఠం నేర్చుకునేవాడినా అంటే, అవునని చెప్పలేను.

భుట్టో అధికారంలోకి రాగానే 1972 జనవరిలో ముల్తాన్‌లో శాస్త్రవేత్తలను సమావేశపరిచాడు. మునీర్ అహ్మద్ ఖాన్‌ను అణుశక్తి సంఘానికి అధిపతిని చేశాడు. ఇక్కడ ఒక తేదీని పాఠకులు గుర్తుంచుకోవాలి. మన పోఖ్రాన్ పరీక్ష జరిగింది 1974 మే 18న. "భారతదేశం పేల్చింది కనుకనే మేమూ మొదలెట్టాం" అని పాకిస్తాన్ రచయితలు రాస్తూ వుంటారు గాని, మొదలైంది రెండేళ్లు ముందే. పోఖ్రాన్ ఆ పనికి కారణం కాదు, వేగం మాత్రమే. కాని ఆ వేగం సామాన్యమైనది కాదు. మనం దాన్ని శాంతియుత ప్రయోగం అన్నాం. కెనడా యిచ్చిన రియాక్టరులో తయారైన ప్లుటోనియంతో, ఎడారిలో పేలిన ఆ వస్తువు సరిహద్దు అవతలివాడికి శాంతియుతంగా కనిపించకపోతే అతన్ని తప్పుపట్టగలమా?

పోఖ్రాన్ తర్వాత జరిగినదాన్ని పాకిస్తాన్ వాళ్లు యిప్పటికీ మరచిపోలేదు. పేల్చింది మనం. కెనడా మనతో సహకారం తెంచుకున్నమాట నిజమే. కాని ఏమీ పేల్చని పాకిస్తాన్‌కు కూడా 1976లో ఇంధనం, భారజలం, విడిభాగాలు ఆపేసింది. కరాచీ కేంద్రం మూతపడుతుందనుకున్నారు. వాళ్ల ఇంజనీర్లు తంటాలుపడి 1980 నాటికి ఇంధనం సొంతంగా చేసుకున్నారు. ఫ్రాన్సు 1976లో చష్మాలో రీప్రాసెసింగ్ కర్మాగారం కట్టడానికి ఒప్పందం చేసుకుంది. దానికి అంతర్జాతీయ తనిఖీకి పాకిస్తాన్ ఒప్పుకుంది కూడా. అమెరికా వొత్తిడితో 1978లో ఫ్రాన్సు వెనక్కు తగ్గింది. తనిఖీకి ఒప్పుకున్న దారి మూసేస్తే తనిఖీ లేని దారి వెతుక్కుంటారు. ప్లుటోనియం దారి మూతబడేసరికి వాళ్ల బరువంతా యురేనియం దారిమీద పడింది.

విజ్ఞానశాస్త్రం చదవని మిత్రులకోసం ఆ దారి ఏమిటో కొంచెం చెప్పాలి. గనిలో దొరికే యురేనియంలో గొలుసుకట్టు చర్యకు పనికొచ్చే 235 రకం నూటికి ఒక వంతుకూడా లేదు, 0.7 వంతు మాత్రమే. మిగతాదంతా 238 రకం. చాలా విద్యుత్ కేంద్రాలకు 3 నుంచి 5 వంతులు కావాలి. బాంబుకైతే సుమారు 90 వంతులు. యురేనియంను వాయువుగా మార్చి, మహావేగంగా తిరిగే గొట్టాల్లో పోస్తే బరువైన 238 అంచులకు పోతుంది, తేలికైన 235 నడిమికి చేరుతుంది. మజ్జిగ చిలికే కవ్వం వేగాన్ని వెయ్యిరెట్లు చేసి వూహించుకుంటే ఆ యంత్రం కొంత అర్థమవుతుంది. దాన్నే సెంట్రిఫ్యూజ్ అంటారు. ఒక గొట్టంలోంచి యింకో గొట్టంలోకి, అలా వేల గొట్టాలు. విద్యుత్ స్థాయికీ బాంబు స్థాయికీ యంత్రం మారదు, తిప్పడం పెరుగుతుంది, అంతే. నిజానికి 4 వంతులకు చేరేసరికే బాంబుదాకా చేయవలసిన శ్రమలో సగానికి పైగా అయిపోతుంది.

భోపాల్‌లో పుట్టి, హాలెండులో యిలాంటి యంత్రాల సంస్థకు అనుబంధంగా పనిచేసిన అబ్దుల్ ఖదీర్ ఖాన్ 1975 చివర్లో ఆ విద్యతో, నమూనాలతో తిరిగి వచ్చాడు. మరుసటి సంవత్సరం కహూటాలో పని మొదలైంది. దొంగతనమని పడమటివారు అన్నారు, అది దొంగతనమే. కాని కహూటాకు కావలసిన పంపులూ కవాటాలూ మేలురకం ఉక్కూ అమ్మింది కూడా ఐరోపా కంపెనీలే. బిల్లు వసూలు చేసుకున్నాక నీతి గుర్తుకొచ్చింది.

కహూటా శాంతికోసమేనని పాకిస్తాన్ చెప్పుకున్న మాట మాత్రం నిలిచేది కాదు. అప్పట్లో వాళ్లకున్న ఒకే ఒక్క విద్యుత్ రియాక్టరు, అంటే కరాచీది, శుద్ధి చెయ్యని సహజ యురేనియంతోనే నడిచేది. మరి వేల గొట్టాలు ఎవరికోసం తిరుగుతున్నాయి? యీ ప్రశ్న వెయ్యడానికి గూఢచారి సంస్థ అక్కరలేదు. భౌతికశాస్త్రం డిగ్రీ విద్యార్థి చాలు. అమెరికాకు తెలియలేదంటే ఎవరు నమ్ముతారు?

అసలు కథ యిక్కడే వుంది. యురేనియం శుద్ధి యంత్రాలు దిగుమతి చేసుకునే దేశానికి సాయం ఆపాలని 1976లో అమెరికా కాంగ్రెసు సైమింగ్టన్ సవరణ చేసింది. దాని ప్రకారం 1979 ఏప్రిల్‌లో పాకిస్తాన్‌కు సాయం ఆగిపోయింది. ఆ డిసెంబరులో సోవియట్ సేనలు అఫ్ఘనిస్తాన్‌లో దిగాయి. నెల తిరక్కముందే కార్టర్ 40 కోట్ల డాలర్లు యిస్తానన్నాడు. జియా ఉల్ హక్ దాన్ని వేరుశనగ గింజలని తీసిపారేశాడు. కార్టర్ సొంత వూళ్లో వేరుశనగ వ్యాపారి కావడంవల్ల ఆ మాట మరింత గట్టిగా తగిలింది. 1981లో రీగన్ ఆరేళ్లకు 320 కోట్ల డాలర్లు, పైగా 40 ఎఫ్-16 విమానాలు యిచ్చాడు. సైమింగ్టన్ సవరణను పక్కన పెట్టారు. కహూటాలో గొట్టాలు మాత్రం ఆగలేదు.

1985లో ప్రెస్లర్ సవరణ వచ్చింది. పాకిస్తాన్ దగ్గర అణ్వస్త్రం లేదని అమెరికా అధ్యక్షుడు ఏటేటా ధ్రువపత్రం యివ్వాలి, యిస్తేనే సాయం. 1987లో ఖదీర్ ఖాన్ మన పాత్రికేయుడు కుల్‌దీప్ నయ్యర్‌తో బాంబు వుందని అర్థమయ్యేట్టు మాట్లాడాడు. అది లండన్ పత్రికలో అచ్చయింది. తర్వాత తాను అలా అనలేదన్నాడు. ఆ సంవత్సరమే అమెరికా 400 కోట్ల డాలర్ల పైచిలుకు రెండో విడత సాయానికి ఏర్పాటు చేసింది. 1989 వరకూ ధ్రువపత్రం క్రమం తప్పకుండా వచ్చింది. 1989 ఫిబ్రవరిలో సోవియట్ సైన్యం అఫ్ఘనిస్తాన్ విడిచిపోయింది. 1990 అక్టోబరులో బుష్ ధ్రువపత్రం యివ్వలేనన్నాడు. కహూటాలో కొత్తగా ఏం జరిగిందని? జరిగింది కాబూల్‌లో. డబ్బు కట్టించుకున్న 28 ఎఫ్-16 విమానాలు అరిజోనా ఎడారిలో నిలబడిపోయాయి. కట్టిన 65 కోట్ల డాలర్ల పైచిలుకు గొడవ 1998 చివర్లో కొంత రొక్కం, కొంత గోధుమలవంటి సరుకు యిచ్చి తీర్చారు. బాంబు తప్పయితే 1985లోనూ తప్పే, 1990లోనూ తప్పే. అవసరంతోపాటు మారే నీతిని ఎవరూ నీతిగా లెక్కచెయ్యరు. ఇస్లామాబాద్ కూడా చెయ్యలేదు.

పాకిస్తాన్ వాదనలో మరో ముఖ్యమైన అంశం వుంది. దక్షిణాసియాను అణ్వస్త్రరహిత ప్రాంతం చేద్దామని 1974లోనే ఐక్యరాజ్యసమితిలో ప్రతిపాదించింది. రెండు దేశాలూ ఒకేసారి అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం మీద సంతకం చేద్దామని తర్వాత కూడా అంది. మనం కాదన్నాం. చైనా సంగతేమిటని అడిగాం. అది న్యాయమైన ప్రశ్నే. 1967 జనవరి 1కి ముందు పేల్చినవాళ్లకు హక్కు, తర్వాతివాళ్లకు పాపం అనే ఆ ఒప్పందాన్ని వివక్ష అని మొదట గట్టిగా అన్నది మనమే. మనం చైనా వైపు చూపించిన వేలే వాళ్లు మనవైపు చూపించారు. ఒకరిది భద్రత, ఇంకొకరిది దురాశ అని ఎలా అంటాం?

"ఇస్లామిక్ బాంబు" అనే పేరు సంగతి. అమెరికా బాంబును క్రైస్తవ బాంబని ఎవరూ అనలేదు, ఇజ్రాయెల్ బాంబు గురించి పడమర అసలు నోరెత్తదు. యిది నిజమే. అయితే నాగరికతలన్నిటికీ వుంది, ముస్లింలకే లేదన్న ధోరణిలో జైలు నుంచి రాసింది భుట్టోయే. ఆ ముద్రకు సిరా కొంత యింట్లోదే.

1998 మేలో మనం 11, 13 తేదీల్లో పరీక్షలు చేశాం. పరీక్ష చెయ్యవద్దని క్లింటన్ పలుమార్లు నవాజ్ షరీఫ్‌కు ఫోను చేశాడు. మే 28న చాగై కొండల్లో, 30న ఖరాన్ ఎడారిలో వాళ్లూ పేల్చారు. ఆంక్షలు వచ్చాయి. జనం బ్యాంకుల్లో దాచుకున్న విదేశీ డబ్బు ఖాతాలను ప్రభుత్వం స్తంభింపజేసింది. గడ్డి తినే వంతు మామూలు ఖాతాదారుకు వచ్చింది. మళ్లీ 2001 సెప్టెంబరులో అఫ్ఘనిస్తాన్ అవసరం పడింది, ఆంక్షలు ఎగిరిపోయాయి. 2008లో అణు సరఫరాదారుల బృందం మనకొక్కరికే మినహాయింపు యిచ్చింది. మనకు లాభం కాబట్టి పండగ చేసుకున్నాం. సంతకం చెయ్యని దేశానికి మినహాయింపు యివ్వగలిగితే మాకెందుకు యివ్వరని వాళ్లు అడిగారు.

ఆ ప్రశ్నకు జవాబు వుంది, అక్కడే పాకిస్తాన్ వాదన కుంటుతుంది. 2003 అక్టోబరులో లిబియాకు పోతున్న ఓడలో సెంట్రిఫ్యూజ్ భాగాలు పట్టుబడ్డాయి. 2004 ఫిబ్రవరి 4న ఖదీర్ ఖాన్ టెలివిజన్‌లో కనబడి బాధ్యత తనదేనన్నాడు. ఇరాన్, లిబియా, ఉత్తర కొరియాలకు సరుకు వెళ్లిందని తేలింది. మర్నాడే ముషారఫ్ క్షమించాడు. ఢాకా పరాభవం నుంచి పుట్టిన భయం కహూటాను సమర్థించగలదు. ట్రిపోలీకి పంపిన పెట్టెలను సమర్థించలేదు. అదొక మనిషి చేసిన పని, రాజ్యానికి తెలియదు అంటే, అంత కట్టుదిట్టమైన కోటలోంచి సరుకు ఓడ ఎక్కేదాకా తెలియని రాజ్యం ఇంకా భయం కలిగిస్తుంది.

ఇంకొకటి కార్గిల్. దాడిని ఆపడానికే బాంబు అన్నారు. బాంబు చేతికొచ్చిన ఏడాదికే, 1999లో, ఆ నీడలో నిలబడి కొండలెక్కారు. కవచమని చెప్పినదాన్ని గోడగా చేసుకుని దాని చాటునుంచి రాయి విసిరితే కవచం వాదన పలచబడుతుంది. 2011లో పరీక్షించిన నస్ర్ క్షిపణి అప్పట్లో 60 కిలోమీటర్లే పోయేది. మన ట్యాంకులు వాళ్ల నేలమీదకు వస్తే అక్కడే వాడతామని దాని అర్థం. లాహోర్ సరిహద్దుకు పాతిక కిలోమీటర్ల లోపే వున్న సంగతి తెలిస్తే ఆ కంగారు అర్థమవుతుంది గాని, అది పేలేది వాళ్ల పొలాల్లోనేనన్న సంగతి కూడా మరవకూడదు. యిలాంటి ప్రశ్నలు వాళ్ల దేశంలోనే పర్వేజ్ హూద్‌భాయ్ వంటి భౌతికశాస్త్రవేత్తలు వేస్తూ వచ్చారు. పాశ్చాత్య సంపాదకీయాలకంటే ఆ విమర్శకు విలువ ఎక్కువ, ఎందుకంటే ఆ అవసరానికీ యీ అవసరానికీ అది మారలేదు.

2025 ఆరంభానికి మన దగ్గర సుమారు 180, వాళ్ల దగ్గర సుమారు 170 వున్నాయని స్టాక్‌హోం పరిశోధనా సంస్థ అంచనా. ప్రపంచంలోని మొత్తంలో పదింట తొమ్మిది వంతులు అమెరికా, రష్యాలవే.

ఆంక్షలూ ధ్రువపత్రాలూ కాక, రెండు దేశాలూ తమంతట తాము రాసుకున్న కాగితం ఒకటుంది. 1988 డిసెంబరు 31న రాజీవ్ గాంధీ, బేనజీర్ భుట్టోల సమక్షంలో ఇస్లామాబాద్‌లో సంతకాలయ్యాయి. 1981లో ఇజ్రాయెల్ ఇరాక్ రియాక్టరును కూల్చినప్పటినుంచీ కహూటాకూ అదే గతి పడుతుందని పాకిస్తాన్ భయపడుతూ వుండేది. ఒకరి అణుకేంద్రాలపై ఒకరు దాడి చేయరాదన్నది ఒప్పందం. రియాక్టర్లే కాక ఇంధనం తయారుచేసే కర్మాగారాలు కూడా దాని నిర్వచనంలోకి వస్తాయి. ఆ లెక్కన మన హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్ వంటివీ ఆ రక్షణ కిందికే వస్తాయి. 1992 నుంచి ప్రతి జనవరి 1న రెండు ప్రభుత్వాలూ తమ కేంద్రాల జాబితాలు మార్చుకుంటున్నాయి. కార్గిల్ తర్వాతా మార్చుకున్నాయి, ముంబయి దాడుల తర్వాతా మార్చుకున్నాయి. 2025 మేలో నాలుగు రోజులపాటు క్షిపణులూ డ్రోన్లూ విసురుకున్నాయి. 2026 జనవరి 1న ఆ జాబితాలు మళ్లీ చేతులు మారాయి.