విమానచోదకుని గడియారము

సముద్రముపై నెగురు విమానచోదకునకు బాటలు లేవు, మైలురాళ్లు లేవు. క్రింద నీరు, పైన నాకాశము. ఇంధనమా, మితము. తానెక్కడ నున్నాడో తెలియనిచో ప్రాణమునకే ముప్పు. అట్టివానికి దారి చూపిన సాధనములలో మణికట్టునకు గట్టిన చిన్న గడియార మొకటి.

గడియారమునకును, దారికిని సంబంధమేమి? భూమి 24 గంటలలో 360 డిగ్రీలు తిరుగును. అనగా గంటకు 15 డిగ్రీలు. 4 నిమిషములకు ఒక డిగ్రీ. సెక్స్‌టెంటు అను పరికరముతో సూర్యుని యెత్తును గొలిచి, ఆ క్షణమున గ్రీనిచ్ కాలమెంతయో తెలిసికొన్నచో, రేఖాంశమును లెక్కింపవచ్చును. కాని గడియారము 4 సెకనులు తప్పినచో భూమధ్యరేఖ వద్ద ఒక సముద్రపు మైలు, అనగా 1,852 మీటర్లు, తప్పును. ఒక నిమిషము తప్పినచో 15 సముద్రపు మైళ్లు! చిన్న దీవిని వెదకువాడు దానిని చూడకయే దాటిపోవుటకు ఆ మాత్రము చాలును.

1927 మే నెలలో చార్లెస్ లిండ్‌బర్గ్ అను అమెరికా వైమానికుడు న్యూయార్కు నుండి పారిస్ నగరమునకు ముప్పదిమూడున్నర గంటలు ఒంటరిగా నెగిరి జగద్విఖ్యాతుడయ్యెను. దిక్సూచిని, వేగమును, గడచిన కాలమును బట్టి యాతడు దారిని అంచనా వేసికొనెను. అయితే 1928 ఫిబ్రవరిలో హవానా నుండి రాత్రివేళ బయలుదేరినపుడు దిక్సూచులు మొరాయించెను. తెల్లవారిన పిమ్మట చూడగా తాను దారి తప్పి బహామా దీవుల వైపు వచ్చినట్లు తెలిసెను. లోకమంతయు కొనియాడుచున్నను, లిండ్‌బర్గ్ మరల విద్యార్థి యగుటకు సిగ్గుపడలేదు. ఆ సంవత్సరమే నౌకాదళాధికారి వీమ్స్ వద్ద సూర్యనక్షత్రాదులను బట్టి దారి కనుగొను విద్య నభ్యసించెను.

ఆనాటి చేతి గడియారములలో సెకనుముల్లును సరిచేయుట సాధారణముగా సాధ్యము కాకుండెను. వీమ్స్ ముల్లును ముట్టక, దాని క్రింది అంకెల పళ్లెమునే త్రిప్పు నుపాయమును కనిపెట్టెను. రేడియోలో కాలసూచన వినబడినంతనే పళ్లెమును త్రిప్పి సెకనులను సరిపరచుకొనవచ్చును. లిండ్‌బర్గ్ దానికి డిగ్రీల గుర్తులను చేర్చెను. ఆ గడియారమును స్విట్జర్లాండులోని లాంజీన్స్ సంస్థ 1931లో తయారుచేసెను. చేతితొడుగులు తీయకయే త్రిప్పుటకు వీలుగా దాని గుండీని పెద్దదిగా నమర్చిరి.

రెండవ ప్రపంచయుద్ధమున జర్మనీ వైమానికులు 55 మిల్లీమీటర్ల వెడల్పు గల గడియారములను కోటుచేతిపై ధరించిరి. 1948లో బ్రిటిషు వైమానికదళమునకై రూపొందిన మార్క్ 11 గడియారమున, అయస్కాంతశక్తి సోకకుండ, యంత్రము చుట్టును మెత్తని యినుప కవచము నమర్చిరి.

నేడు విమానములకు దారి చూపు ఉపగ్రహములలో నున్నవియు గడియారములే; అవి అణుగడియారములు. సాధనము మారినది గాని సూత్రము మారలేదు. కాలమును తప్పక లెక్కించువాడే దారిని తప్పక చేరును.