ఆగిన యంత్రము – చెదరిన పట్టిక

మన పాఠశాల ఫైల్ సర్వరులో పిల్లల హాజరు, మార్కులు మాత్రమే గాక, పాత వార్షిక సంచికల పుటల ఛాయాచిత్రములు గూడ నున్నవి. కాగితపు ప్రతులను చాలవరకు చెదలు తినివేసినవి. గడచిన వర్షకాలమున ఆ యంత్రము మూడు పర్యాయములు హఠాత్తుగా ఆగిపోయినది. అప్పుడు మేము నేర్చిన పాఠము ఇండ్లలోని కంప్యూటర్లకును వర్తించును గావున తల్లిదండ్రులకు విన్నవించుచున్నాము.

డిస్కును గ్రంథాలయముతో పోల్చవచ్చును. ఏ పుస్తకము ఏ బీరువాలో నున్నదో తెలుపు పట్టిక వంటిది ఫైల్ సిస్టమ్. పుస్తకమును బీరువాలో నుంచి, పట్టికలో వ్రాయకమునుపే కరెంటు పోయినచో రెంటికిని పొందిక చెడును. అందుచేత లినక్సులోని ఎక్స్‌ట్4 వంటి పద్ధతులు చేయబోవు మార్పును ముందుగా జర్నల్ అను చిట్టాలో వ్రాసికొని, యంత్రము మరల లేచినపుడు దానిని జూచి సరిదిద్దుకొనును. అయితే సాధారణముగా ఈ చిట్టా కాపాడునది పట్టికనే. సగము వ్రాసిన పుటను గాదు.

మొదటి రెండు మారులు ఎఫ్‌ఎస్‌సీకే అను మరమ్మతు సాధనమును నడిపి, పని తీరినదనుకొంటిమి. మూడవ మారు కొన్ని పుటలు పేర్లు పోగొట్టుకొని, వట్టి అంకెలతో 'లాస్ట్ అండ్ ఫౌండ్' అను అరలో కనబడినవి. కొన్ని అసలే కనబడలేదు. మేము లక్షణమునకు మందిచ్చితిమి గాని రోగమును వెదకలేదు.

సరియైన క్రమమిది. మొదట డిస్కుపై వ్రాతలు నిలిపివేయవలెను. పిదప డిస్కు నంతటిని వేరొక డిస్కునకు నకలు తీయవలెను. ఆ తరువాతనే, వాడుకలో లేని స్థితిలో మరమ్మతు చేయవలెను. ఇక కారణము: యంత్రపు దినచర్య నడుమ తెగిపోయియున్నచో విద్యుత్తు, వేడిమి, మెమరీ, డిస్కు – వీనిని ఒక్కొక్కటిగా పరీక్షింపవలెను. మా విషయమున దోషము యూపీఎస్ బ్యాటరీది. దీపము వెలుగుచుండినను, కరెంటు పోయిన క్షణమున అది భారమును మోయజాలకుండెను.

జంట డిస్కులున్నవను ధైర్యము చాలదు. ఒకదానిపై పడిన తప్పువ్రాత రెండవదానిపైనను పడును. వేరుచోట నుంచిన ప్రతియే రక్ష. ఇప్పుడు వారమున కొకమారు అట్టి ప్రతి తీయుచు, నెలకొకమారు దానిని తెరచి చూచుచున్నాము.

పోయిన పుటలు మాత్రము తిరిగి రాలేదు. మీ ఇండ్లలో పాత సంచికలున్నచో దయయుంచి తెచ్చియిండు. ఛాయాచిత్రములు తీసికొని భద్రముగా తిరిగి యిచ్చెదము.